సూర్‌లో అల్లిన పెళ్లిగంప

ఒహాయో
సెప్టెంబరు 2, 2024

చిరంజీవి రాముడికి అక్కయ్య దీవెనలు.

నా ఆరోగ్యం సంగతి ముందే రాసేస్తాను, లేకపోతే ఉత్తరమంతా దాని కోసమే వెతుక్కుంటావు. చెవులు తప్ప అన్నీ పనిచేస్తున్నాయి. ఫోనులో నువ్వొకటంటే నేనొకటి విని, ఇద్దరం అరుచుకుని పెట్టేయడం కంటే కాగితమే నయం. మూడు వారాలు పడితే పట్టనీ.

అసలు సంగతేమిటంటే, మా ఇంట్లో పెళ్లి. వచ్చే మాఘమాసంలో. పెళ్లికూతురి పేరు మాత్రం రాయను. లగ్నపత్రిక రాసేదాకా వధూవరుల పేర్లు కాగితం మీద పెట్టకూడదన్న నాయనమ్మ నియమం నీకు గుర్తుందిగా. నా పెళ్లప్పుడు నాన్న కూడా ఉత్తరాల్లో పిల్ల, కుర్రాడు అనే రాశాడు. యాభై ఆరేళ్లు ఈ దేశంలో ఉండి ఎన్నో వదిలేశాను గానీ ఇది వదలలేకపోయాను. నువ్వూ రాయకు. సాయి కిరణ్‌కి కూడా అప్పుడే చెప్పకు. నీ కొడుకు ఫోనులో పడిందంటే సాయంత్రానికి కాకినాడంతా తెలిసిపోతుంది.

పెళ్లి ఎక్కడనుకున్నావు? నువ్వు కొడుకు దగ్గరుంటున్న ఆ గల్ఫ్ ఊళ్లో, మీ సూర్‌లో. చట్టం కోసం ఇక్కడి కోర్టులో సంతకాలు అయిపోతాయి. మన పద్ధతిలో జరిగేది మాత్రం నీ దగ్గరే జరగాలని పెళ్లికూతురి పట్టు. నీ మోకాళ్లకి ఇరవై గంటల విమానం పడదని దానికి తెలుసు. మేనమామ గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తీసుకురాకపోతే అదేం పెళ్లి అంది. ఆ మాట దాని నోట విని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాముడూ, ఒక్కటే అడుగుతాను. నా కూతురు వాణి మీద నీకున్న కోపం ఇరవై ఏడేళ్లది. పెళ్లి చేసుకోకుండానే రేమండ్‌తో కలిసి ఉంటానందని, వాళ్లకి స్నిగ్ధ పుట్టిన ఏడాది నువ్వు వాణికి పెద్ద ఉత్తరం రాశావు. అది జవాబు రాయలేదు. అంతటితో మీ ఇద్దరికీ మాటలు పోయాయి. నీకు అడ్డొచ్చింది పద్ధతో, రేమండ్ నల్లరంగో నేనెప్పుడూ అడగలేదు, భయం వేసి. ఈ పెళ్లికైనా ఆ కోపం పోకపోతే నేను బతికుండగా పోదు. నాకు ఎనభై ఒకటి నడుస్తోంది.

స్నిగ్ధ ఇప్పుడు యూనివర్సిటీలో చరిత్ర చదువుతోంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఏ తరం ఎలా బతికింది, ఎవరు ఏం మార్చారు అని పుస్తకం రాస్తోంది. వారానికి రెండుసార్లు నా ముందు రికార్డరు పెట్టుకుని కూర్చుంటుంది. నిన్న మా పక్కింటి డోరతీ గురించి చెప్పాను. యుద్ధమప్పుడు ఆవిడ విమానాలకి రివెట్లు కొట్టిందట. మగాళ్లు తిరిగొచ్చాక ఇక ఇంటికెళ్లి వంట చేసుకోమన్నారట. వెళ్లింది గానీ పనిముట్ల పెట్టె మాత్రం వంటింట్లో సింకు కింద దాచుకుంది. నేను కొత్తగా వచ్చి కుళాయి పాడైందని ఏడుస్తుంటే ఆ పెట్టెతోనే వచ్చింది. నాకు కారు నేర్పిందీ ఆవిడే. మీ బావకి తెలియకుండా.

వెంటనే జవాబు రాయి.

నీ మంచి కోరే
శేషక్క


సూర్
సెప్టెంబరు 24, 2024

అక్కయ్యకి రాముడి నమస్కారాలు.

ఇక్కడ ఇంటికి పోస్టుమాన్ రాడు. సాయి కిరణ్ గ్యాసు ప్లాంటులో డ్యూటీ దిగి, పోస్టాఫీసులో మా పెట్టె తెరిచి, నీ ఉత్తరం తెచ్చేసరికి గురువారం సాయంత్రమైంది. చదివాక కాలు ఒకచోట నిలవలేదు. ఏమైంది మావయ్యగారూ అని కోడలు అడిగితే మోకాళ్ల నొప్పికి నడవమన్నారమ్మా అని చెప్పాను. నడవొద్దని కదా అన్నారు అంది.

నియమం నాకెందుకు గుర్తుండదు, పేర్లు రాయను. పేరు రాయకపోతే మాత్రం నాకు తెలియదా ఏం. ఆ పిల్ల నన్ను మేనమామ స్థానంలో నిలబెట్టి అడిగిందంటే ఈ జన్మకి అది చాలు. గంప నేను ఎత్తుతాను. మోకాళ్లు ఉన్నా లేకపోయినా.

గంప సంగతి కూడా చూసేశాను. ఇస్తారి అని జగిత్యాల దగ్గరి మనిషి ఉన్నాడు. ఇక్కడ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పని. శుక్రవారాలు మా ఇంటికొచ్చి టీ తాగి, కబుర్లు చెప్పి వెళ్తాడు. వాళ్లది తాతల నాటి నుంచి బుట్టలల్లే ఇల్లు. అతనికి ఒక్కడికే చెప్పాను. అతను మన చుట్టం కాదు గనక చెప్పినట్టు కాదు.

"ఈడ వెదురు దొరకది సార్," అన్నాడు. "ఖర్జూరపు మట్టలు చీల్చి అల్లుత. మస్తు గట్టిగుంటది. పిల్ల బరువెంతుంటదో చెప్పుండ్రి. గంప దాన్ని బట్టే ఉంటది."

ఫొటోల్లో చూసిన లెక్కన యాభై కిలోలు దాటదని చెప్పాను.

ఇక నువ్వు అడిగినదానికి జవాబు. పెళ్లికూతురి తల్లితో నాకు మాటలు లేవని నీకు తెలియనిది కాదు. ముందు వరసలో కూర్చోబెట్టు, నాకు అభ్యంతరం లేదు. నన్ను పలకరించమని మాత్రం అడక్కు. తల్లి చేసిన తప్పు పిల్ల దిద్దుతోంది, నాకు అదే పదివేలు.

ఆ పుస్తకంలో నాకూ ఓ పేజీ ఇమ్మని స్నిగ్ధకి చెప్పు. నేను అమెరికా చూడలేదు గానీ అమెరికాని తాగాను. కాకినాడ బళ్లో మధ్యాహ్నం గంట కొట్టగానే డ్రమ్ముల్లో పాలపొడి కలిపి పోసేవారు. అడుగున ఉండలు మిగిలేవి. వాటి కోసం కొట్టుకునేవాళ్లం. అంత పాలు ఉన్నవాళ్లు ఎంత లావుగా ఉంటారో అనుకునేవాణ్ని. నువ్వు అక్కడికి వెళ్తున్నావంటే నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఉండలే.

ఆనందం పట్టలేక అడ్డదిడ్డంగా రాశాను.

నీ తమ్ముడు
రాముడు


ఒహాయో
సెప్టెంబరు 26, 2024

చిరంజీవి రాముడికి,

నీ జవాబు ఇంకా రాలేదు. అయినా పెళ్లికొడుకు గురించి రాయకపోవడం పద్ధతి కాదనిపించి మళ్లీ కాగితం తీశాను.

వయసు అరవై. మే నెలలో గుండె ఆపరేషన్ అయింది. ఇప్పుడు మెట్లు హాయిగా ఎక్కి దిగుతున్నాడు. హైస్కూల్లో పిల్లలకి బ్యాండు నేర్పి ఈమధ్యే రిటైరయ్యాడు. అన్నంలో పెరుగు లేకపోతే లేవడు. ఇంతకంటే ఏం కావాలి?

ఆపరేషన్ రోజున ఆసుపత్రిలో మన పిల్లని అడిగారట, నువ్వు ఈయనకి ఏమవుతావు, భార్యవా అని. కాదంటే బయట కూర్చోమన్నారు. నాలుగు గంటలు నడవాలో కుర్చీ మీద కూర్చుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే, మనం పెళ్లి పెట్టుకోవాలి అంది. దాని మొండితనం నీకు తెలుసు. నాలుగు గంటల్లో కరిగింది.

పెళ్లికొడుకు తండ్రి గొప్పవాడు. నేను ఇప్పుడే స్నిగ్ధకి ఆయన గురించి చెప్పి వచ్చాను. యుద్ధంలో ఫ్రాన్సులో పోరాడి వచ్చాడు. సైనికులకి ఇళ్ల అప్పులు ఇస్తున్నారంటే మంచి వీధిలో ఇల్లు అడిగాడు. అమ్ముడైపోయిందన్నారు. ఆ తర్వాత రెండు నెలలు అమ్మకం బోర్డు అక్కడే వేలాడింది. ఇరవై ఏళ్లు పోయాక మీ బావా నేనూ అదే వీధిలో ఇంకో ఇల్లు అడిగితే మాకూ అదే మాట చెప్పారు. మేం సరేనని తలదించుకుని వచ్చేశాం. ఆయన అలా కాదు. ఉక్కు ఫ్యాక్టరీలో తనతో పనిచేసేవాళ్లని వెంటేసుకుని ఆ వీధి మొగలో నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డాడు, చలిలో, ప్రతి ఆదివారం. ఒక ఆదివారం మేం కారులో అటు వెళ్తూ చూశాం. మీ బావ అద్దం పైకెత్తేశారు. రెండేళ్ల తర్వాత మాకు అదే వీధిలో ఇల్లు దొరికింది, ఇప్పుడు నేనుంటున్నది అదే. ఎవరు నిలబడితే దొరికిందో మాకు తెలుసు. ఒక్కరోజు కూడా వెళ్లి థాంక్స్ చెప్పలేదు.

ఇది చెప్పి నేను ఏడిస్తే స్నిగ్ధ రికార్డరు ఆపేసింది. ఎందుకాపావు, నా తరం గురించి రాయాల్సింది ఇదే అన్నాను.

ఆయన ఇప్పుడు లేడు. ఆయన కొడుక్కి నా చేత్తో కాళ్లు కడిగి పసుపు బట్టలు పెట్టే రోజు వచ్చింది. నాకెంత సంతోషంగా ఉందో నువ్వే అర్థం చేసుకో.

మీ
శేషక్క


ఒహాయో
అక్టోబరు 15, 2024

శ్రీరామచంద్రమూర్తి గారికి,

ఉత్తరం అందింది.

పెళ్లికూతురి తల్లితో మీకు మాటలు లేవన్న సంగతి ఇప్పుడే తెలిసింది. డెబ్బై ఐదేళ్లుగా మాట్లాడుతూనే ఉన్నారు గనక నాకు తట్టలేదు. ముందు వరసలో కుర్చీ ఇచ్చినందుకు కృతజ్ఞురాలిని.

తల్లి చేసిన తప్పు పిల్ల దిద్దుతోందన్నారు. ఏమిటో ఆ తప్పు? అమెరికా రావడమా? పిల్లని మీరు చెప్పినట్టు పెంచకపోవడమా? నీ చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే ఇరవై రాత్రులు నెత్తిన తడిగుడ్డ వేసిన చేతులివి. ఆ చేతుల్తోనే ఇది రాస్తున్నాను.

గంప అల్లిస్తున్నందుకు మాత్రం సంతోషం. యాభై కిలోలు చాలవు. నువ్వు దాన్ని ఎదురుగా చూసి ముప్ఫై ఏళ్లయిందని మరిచిపోయినట్టున్నావు.

శేషుకుమారి


సూర్
అక్టోబరు 16, 2024

అక్కయ్యకి,

నీ సెప్టెంబరు ఇరవై ఆరో తేదీ ఉత్తరం ఇప్పుడే చదివాను. రెండుసార్లు చదివాను, కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివాను. అరవై అన్న అంకె మారలేదు.

నీకు మతి పోయిందా? ముక్కుపచ్చలారని పిల్లని గుండె కోసి కుట్టిన ముసలాయనకి కట్టబెడతావా? పైగా పెరుగన్నం తింటాడని మురిసిపోతున్నావు. నీ మనవరాలు పుట్టేనాటికి ఆయనకి ముప్ఫై మూడేళ్లు. కుర్రదానికి బుద్ధి లేకపోవచ్చు, చరిత్ర చదివి చదివి పాతవాటి మీద మోజు పుట్టిందేమో. మరి ఆ తల్లి ఏం చేస్తోంది? తనకి నచ్చినట్టు తను బతికింది, సరే. కన్నబిడ్డని నూతిలోకి తోస్తుంటే చూస్తూ ఊరుకుందా? నేను వాణితో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నవాణ్ని. ఈ విషయంలో అవసరమైతే ఒట్టు గట్టున పెట్టి మాట్లాడతాను.

ఆయన తండ్రి గురించి రాసింది చదివి నా మనసూ కరిగింది. కానీ తండ్రి వీధి మొగలో నిలబడ్డాడని మనవరాలి వయసుదాన్ని కొడుక్కిచ్చి చేస్తామా?

ఇస్తారి గంప పూర్తి చేశాడు. చూడముచ్చటగా ఉంది. అంచుకి ఎర్రగుడ్డ కూడా చుట్టాడు. దాన్ని చూస్తే ఏడుపొస్తోంది. పిల్ల పెళ్లి ఆగేట్టుందని అతనికి చెప్పాను.

"ముసలోడా సార్?" అన్నాడు. "పైసలున్నోడా?"

బ్యాండు మాస్టారు అన్నాను.

"అయితె మరి ప్రేమే సార్," అన్నాడు.

నువ్వు జవాబు రాసేదాకా నాకు అన్నం సయించదు.

రాముడు


ఒహాయో
నవంబరు 6, 2024

ఒరేయ్ రాముడూ,

నీ రెండో ఉత్తరం వంటింట్లో గట్టిగా చదివాను. ముక్కుపచ్చలారని పిల్ల అన్నచోట స్నిగ్ధ కుర్చీ మీంచి జారి నేల మీద కూర్చుని నవ్వింది. అప్పుడు నాకు వెలిగింది. నీ మొదటి ఉత్తరం మళ్లీ తీసి చదివితే ప్రతి ముక్కా అర్థమైంది. పోయిన నెల నీకు గారూ మీరూ అని రాసినదాన్ని చింపెయ్యి.

నాయనమ్మ ఎక్కడున్నా క్షమించాలి. ముహూర్తం కుదరకుండానే పేర్లు రాస్తున్నాను. పెళ్లికూతురు వాణి. పెళ్లికొడుకు రేమండ్. ఇరవై తొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న ఆ ఇద్దరే. స్నిగ్ధ వాళ్ల పెళ్లికి పెద్ద. దానికింకా ఎవరూ కుదరలేదు, వెతికే పని నీకేం లేదు.

యాభై ఐదేళ్ల మనిషి పెళ్లికూతురు అవుతుందని నీకు తోచలేదు. నాకేమో ఇంకెవరైనా అవుతారని తోచలేదు. నువ్వు మేనమామవి వాణికి కదరా.

నవ్వడం అయిపోయింది, ఇప్పుడు అసలు మాట. గంప ఎత్తుతానని నువ్వు ఎగిరి గంతేసింది స్నిగ్ధ అనుకుని. వాణికి ఎత్తుతావా? నువ్వు ఎత్తనంటే అక్కడిదాకా రాం. కోర్టు సంతకాలతో సరిపెట్టుకుంటాం. వాణి నన్ను ఒక్క మాటా అనదు. అదే నాకు భయం. టిక్కెట్లు ఇంకా కొనలేదు.

మొహమాటం లేకుండా రాయి.

అక్కయ్య


సూర్
నవంబరు 27, 2024

అక్కయ్యకి రాముడి నమస్కారాలు.

ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. పొద్దున్నే ఇక్కడ సముద్రం ఒడ్డున పాతకాలపు చెక్క ఓడలు కట్టే చోటికి వెళ్లి కూర్చునేవాణ్ని. అక్కడ ఎవరూ ఏమీ అడగరు.

సిగ్గు పడాల్సింది ముందు రాస్తాను. పేరు చదవగానే నాకు కలిగింది సంతోషం కాదు, నీరసం. స్నిగ్ధకి గంప ఎత్తడం తేలిక. ఆ పిల్ల నన్నేమీ అనలేదు, నేను ఆ పిల్లనేమీ అనలేదు. వాణి విషయం వేరు. నా చేతుల్లో పెరగకపోయినా, ఏడేళ్ల వయసులో కాకినాడ వచ్చినప్పుడు నా భుజం మీదే ఊరంతా తిరిగింది. నా ఉత్తరానికి జవాబు రాయనిదీ అదే. రెండూ ఒకేసారి గుర్తొచ్చి ఎటూ తేల్చుకోలేకపోయాను.

మూడో రోజు ఇస్తారి వచ్చాడు. సంగతి చెప్పాను. గంప చుట్టూ ఒకసారి తిరిగాడు.

"దీంట్ల ఆమె పట్టది సార్," అన్నాడు. "ఇది మీరు ఉల్లిగడ్డలకు వాడుకోండ్రి. ఆమెకు పెద్దది అల్లుత. మేనకోడలే కద. వయసు మీద పడ్డదని కోడలు కాకపోతదా?"

అతను చదువుకున్నది నాలుగో తరగతి. నేను పోర్టు ఆఫీసులో ముప్ఫై ఆరేళ్లు ఫైళ్లు చూశాను. నాకు మూడు రోజులు పట్టినదానికి అతనికి నిమిషం పట్టలేదు.

నేను ఎత్తుతాను. కానీ కూర్చోవలసింది వాణి. నేను పట్టుకున్న గంపలో కూర్చుంటుందా? నీ మాట మీద కాదు, తన ఇష్టంతో కూర్చుంటుందా? అడిగి రాయి. బరువు కూడా రాయి. ఆడవాళ్ల బరువు అడగకూడదని నాకు తెలుసు, ఇది ఇస్తారి ప్రశ్న.

సాయి కిరణ్‌కి చెప్పేశాను. పురోహితుణ్ని కుదిర్చాడు. ప్రభాకరం గారని, అల్ అమెరాత్‌లో ఉంటారు. వారమంతా సైట్‌లో సేఫ్టీ ఆఫీసరు, శుక్ర శనివారాలు పౌరోహిత్యం. ఫోనులో నన్ను అడిగిన మొదటి మాట, ఆ గంపకి లోడ్ టెస్ట్ చేశారా అని. ముహూర్తం ఫిబ్రవరి ఏడు, శుక్రవారం.

జవాబు కోసం ఎదురుచూస్తూ
రాముడు


ఒహాయో
డిసెంబరు 18, 2024

నాయనా రాముడూ,

నీ ఉత్తరం వాణి చేతిలో పెట్టి నేను పక్కగదిలోకి వెళ్లిపోయాను. చాలాసేపు చప్పుడు లేదు. నా చెవులకి ఎప్పుడూ ఉండదనుకో. వెళ్లి చూస్తే కిటికీ దగ్గర నిలబడి ఉంది. "కూర్చుంటానమ్మా. కానీ గంప ఎక్కేముందు మావయ్యతో ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఎవరూ ఉండకూడదు," అంది. ఏం మాట్లాడతావే అంటే చెప్పలేదు. నువ్వు నోరు జారకు. అది జారుతుంది, నువ్వు ఓర్చుకో.

బరువు డెబ్బై ఎనిమిది. చీర, నగలు వేరు.

నువ్వు అడగలేదు గానీ, అది పెళ్లెందుకు వద్దందో రాస్తాను. అప్పుడే నీకు రాసి ఉండాల్సింది. ఫ్యాక్టరీలు మూతపడ్డ ఏడాది వాణికి ఎనిమిదేళ్లు. మా వీధిలో పదకొండు ఇళ్లుంటే రెండేళ్లలో అయిదు కాపురాలు విడిపోయాయి. అన్నీ చర్చిలో, దేవుడి ఎదుట, అందరి ముందూ జరిగిన పెళ్లిళ్లే. దాని స్నేహితురాళ్లు సంచులు సర్దుకుని ఒక వారం తల్లి దగ్గర, ఒక వారం తండ్రి దగ్గర ఉండేవాళ్లు. మీ బావకీ ఉద్యోగం పోయింది. నేను బడి వంటింట్లో పనికి చేరాను, శుక్రవారం శుక్రవారం మూడు వందలమంది పిల్లలకి పులిహోర వండి పెట్టాను, పసుపన్నం అని పేరు పెట్టి. సంతకం వల్ల ఎవరూ నిలబడరు, నిలబడేవాళ్లకి సంతకం అక్కర్లేదు అని అది అప్పుడే తీర్మానించుకుంది. నీకు అది తలబిరుసుగా కనిపించింది. నాకూ కనిపించింది, అబద్ధమెందుకు.

ఇక స్నిగ్ధ. దానికి అన్నీ పద్ధతి ప్రకారం జరగాలి. జీలకర్ర బెల్లం ముందా, తెరసెల్లా తియ్యడం ముందా అని నన్ను నిలదీస్తుంది. నేను మరిచిపోయానంటే కోపం. అమ్మ అన్నీ వదిలేసింది, నువ్వేమో గుర్తుపెట్టుకోలేదు, నేను ఎక్కడ నుంచి తెచ్చుకోవాలి అంటుంది. నా కూతురు విదిలించుకున్నవాటినే దాని కూతురు కిందకి వంగి ఏరుకుంటుంటే చూడడానికి మహా సరదాగా ఉందిరా.

రేమండ్ ట్రంపెట్ తెస్తున్నాడు. ఆవకాయ నీ కోడలికి తెస్తున్నాను. అక్కడ దొరుకుతుందని తెలుసు, అయినా తెస్తున్నాను.

టిక్కెట్లు కొనేశాం.

మీ
అక్కయ్య


సూర్
మార్చి 6, 2025

అక్కయ్యకి రాముడి నమస్కారాలు.

మీరు వెళ్లి మూడు వారాలైంది. రంజాన్ మొదలైంది, సాయి కిరణ్ డ్యూటీ నుంచి త్వరగా వస్తున్నాడు, ఇల్లు మళ్లీ మామూలుగా అయిపోయింది. అంటే బోసిపోయింది. పెళ్లైన సాయంత్రం రేమండ్ ట్రంపెట్ ఊదుతుంటే డోలు పట్టుకొచ్చి జత కలిపాడే, మా పక్కింటి సుఫియాన్, నిన్న కూడా ఆగి అడిగాడు, అరూస్ అబ్బా మళ్లీ ఎప్పుడొస్తాడని. పెళ్లికొడుకుని ఇక్కడివాళ్లు అలా పిలుస్తారనుకున్నాను. కాదట, అరూస్ అంటే పెళ్లికూతురట; స్నిగ్ధే పెళ్లికూతురనీ, రేమండ్ పెళ్లికూతురి నాన్ననీ అనుకున్నాడట, అరవై ఏళ్లు చూసి. నీ తమ్ముడొక్కడే మతిలేనివాడు కాదని తెలిసింది కదా.

ప్రభాకరం గారు ఫొటోలు పంపారు. అందులో ఇస్తారి తన రూమ్ వాళ్లు ముగ్గురితో గంప మోస్తున్న ఫొటో ఉంది. దాన్ని పెద్దది చేయించి వాళ్ల ఊరికి పంపాడు. వాళ్లావిడ ఫోనులో, గల్ఫ్ పొయ్యి గూడ గంపలే అల్లుతున్నవా అని తిట్టిందట. చెప్పి మురిసిపోయాడు.

నువ్వు ఇక్కడున్న పది రోజులూ నన్ను అడుగుతూనే ఉన్నావు, ఆ గదిలో ఏం జరిగిందని. ఎదురుగా చెప్పలేకపోయాను. కాగితం మీద చెబుతాను.

నేను వెళ్లేసరికి వాణి గంప పక్కన నిలబడి ఉంది. నుదుట బాసికం, చేతిలో కొబ్బరిబొండం. అచ్చం పెళ్లికూతురులా ఉంది, ఇంకెలా ఉంటుంది. బొండం కింద పెట్టి, సంచిలోంచి ఒక కవరు తీసింది. నా ఉత్తరం. దాచుకుంది.

"జవాబు రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను మావయ్యా," అంది. "మూడుసార్లూ నీ ఉత్తరంలో నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను."

ఆ పేజీ నా చేతికిచ్చింది. నా చేతిరాతే. అందులో పెళ్లి గురించి ఒక్క ముక్క లేదక్కయ్యా. అంతా రేమండ్ రంగు గురించే. పుట్టే బిడ్డ రంగు గురించి కూడా. నువ్వు భయపడి అడగని ప్రశ్నకి నేను ఏనాడో జవాబు రాసిపెట్టి, రాశానన్న సంగతే మరిచిపోయాను. తల కొట్టేసినట్టయింది. బయట స్నిగ్ధ ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆ గొంతు వింటూ ఆ పేజీ చివరిదాకా చదివాను.

"ఇది రాసినవాడు వెధవమ్మా," అన్నాను. "ఇక్కడి నుంచి చివరిదాకా వెధవే. ముందు మూడు పేజీలు మాత్రం ఇప్పటికీ నా మాటే."

నువ్వు నోరు జారొద్దన్నావు. జారేశాను. అది నవ్వింది.

"ఆ మూడు పేజీలూ నేను ఇప్పటికీ ఒప్పుకోను," అంది.

"మరి పెళ్లెందుకు చేసుకుంటున్నావు?"

"సంతకం ఆసుపత్రి వాళ్ల కోసం మావయ్యా. అది పోయిన నెలే అయిపోయింది."

"మరి ఇదంతా?"

"గంప నీ కోసం."

ఇంకొక్క మాట మాట్లాడితే ఏడ్చేవాణ్ని. కాళ్లు లోపలికి పెట్టుకో, లేపుతున్నాం అన్నాను. ఇస్తారిని పిలిచాను. నాలుగు వైపులా వాళ్లు పట్టారు, ముందు నేను పట్టాను. మోకాళ్లు ఏమయ్యాయో తెలియదు. పదిహేడు అడుగులు వేశానని సాయి కిరణ్ అంటున్నాడు. పీటల దగ్గరికి వచ్చాక ప్రభాకరం గారు దించండి దించండి అని రెండుసార్లు చెప్పారు. నువ్వు ముందు వరసలో ఉన్నావు, చెవులు వినపడవు, చూసే ఉంటావు. నాకు వినిపించింది. దించబుద్ధి కాలేదు.

నీ తమ్ముడు
వాణి మేనమామ